క్రైస్తవ జీవితంలో వెలుగు: మేల్కొలుపు, సాక్ష్యం

బైబిలు మొదటి అధ్యాయంలో వెలుగు మొదటి రోజునే పుడుతుంది. సూర్యచంద్రులు నాలుగో రోజుకు గానీ రారు. తొలిసారి చదివేవారికి ఇది వింతగా తోచినా రాసినవారి ఉద్దేశం స్పష్టమే. ఇశ్రాయేలీయుల చుట్టూ ఉన్న ఐగుప్తు, బబులోను ప్రజలు సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ దేవతలుగా కొలిచేవారు. ఆదికాండం వాటి పేర్లయినా ఎత్తకుండా పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అని మాత్రమే చెప్పి, పగటినీ రాత్రినీ ఏలే పనిలో పెట్టింది. వెలుగు దేవుని మాటతో వచ్చింది, ఆయన ఇస్తేనే ఏ జ్యోతి అయినా వెలుగుతుంది. దైవకాంతి గురించి క్రైస్తవం తర్వాత చెప్పుకున్నదంతా ఈ పునాది మీదే లేచింది. మనిషి లోపల వెలుగు కలగాలంటే ముందు దేవుడు పలకాలి, ఆ పలుకుకు మనిషి కళ్లు తెరవాలి. కళ్లు తెరిచాక అతడు పక్కవాడికి ఏమి బాకీ పడతాడన్నది రెండో ప్రశ్న. ఈ రెండింటినీ విడదీసిన ప్రతిసారీ క్రైస్తవ సంఘం దారి తప్పింది.

ప్రవక్త యెషయా గ్రంథంలో ఇవి రెండూ కలిసే ఉన్నాయి. అరవయ్యో అధ్యాయం బబులోను చెర నుంచి తిరిగివచ్చినవారి యెరూషలేముకు సరిపోయే మాట. గోడలు కూలిపోయాయి, జనం పలచబడ్డారు, పాత వైభవం కథగా మిగిలింది. ప్రవక్త ఆ నగరాన్ని నేలకొరిగిన స్త్రీని పిలిచినట్టు పిలిచి, లేచి ప్రకాశించమంటాడు. కారణం కూడా వెంటనే చెబుతాడు: వెలుగు అప్పటికే వచ్చింది. నగరం తన బలంతో మెరవనక్కర్లేదు. తన మీద ఉదయించినదాన్ని అడ్డుకోకుండా ఉంటే చాలు. వెంటనే అదే అధ్యాయంలో జనాలు, రాజులు ఆ వెలుగు వైపు నడిచి వస్తారు. నలభై తొమ్మిదో అధ్యాయం ఇంకాస్త ముందుకు వెళ్తుంది. దేవుని సేవకుడు ఇశ్రాయేలును మాత్రమే బాగుచేస్తే అది చాలా చిన్న పని అనీ, అతడు అన్యజనాలన్నిటికీ వెలుగు కావాలనీ అక్కడ దేవుడే అంటాడు. తన జనానికి మాత్రమే దాచిపెట్టుకునే వెలుగును ఈ గ్రంథం ఎరగదు.

యేసు తన్ను తాను లోకానికి వెలుగుగా ప్రకటించుకున్న సందర్భాన్ని యోహాను సువార్త జాగ్రత్తగా ఎంచుకుంది. అది పర్ణశాలల పండుగ కాలం. యూదుల మిష్నా గ్రంథం ఆ పండుగ రాత్రులను వర్ణించింది. దేవాలయంలోని స్త్రీల ఆవరణలో ఎత్తైన బంగారు దీపస్తంభాలు నిలబెట్టేవారు. ఒక్కో స్తంభం మీద నాలుగు గిన్నెలుండేవి. యువ యాజకులు నిచ్చెనలెక్కి వాటిలో నూనె పోసేవారు. యాజకుల పాత వస్త్రాలను చింపి వత్తులు చేసేవారు. ఆ కాంతి సోకని ముంగిలి యెరూషలేములో ఒక్కటీ ఉండేది కాదట. ఆ ఆవరణలోనే కానుకల పెట్టెలుండేవి. యేసు ఈ మాటలు కానుకల పెట్టె ఉన్న చోటనే పలికాడని యోహాను ప్రత్యేకంగా రాశాడు. పండుగ ముగిస్తే ఆరిపోయే దీపాల పక్కన నిలబడి, తన వెంట నడిచేవారికి చీకటి ఉండదని ఆయన చెప్పాడు.

తర్వాతి అధ్యాయం మొత్తం ఆ మాటకు వ్యాఖ్యానంలా నడుస్తుంది. పుట్టు గుడ్డివాడి కళ్లకు యేసు బురద పూసి, సిలోయము కోనేటిలో కడుక్కోమంటాడు. అతడు వెళ్లి కడుక్కుని చూపుతో తిరిగి వస్తాడు. అద్భుతం అయిదారు వాక్యాల్లో ముగుస్తుంది. మిగతాదంతా విచారణే. ఇరుగుపొరుగు అడుగుతారు, పరిసయ్యులు అడుగుతారు, తల్లిదండ్రులను పిలిపిస్తారు. సమాజమందిరం నుంచి వెలివేస్తారన్న భయంతో తల్లిదండ్రులు తప్పించుకుంటారు. అతణ్ణి మళ్లీ పిలిపిస్తారు. మొదట అతడికి తెలిసింది యేసు అనే మనిషి అని మాత్రమే. రెండోసారి ప్రవక్త అంటాడు. మూడోసారి, దేవుని దగ్గర నుంచి రాకపోతే ఇలాంటి పని చేయగలడా అని విచారించేవారినే ఎదురు ప్రశ్నిస్తాడు. వెలివేసిన తర్వాత యేసు అతణ్ణి వెతుక్కుంటూ వస్తే, విశ్వసిస్తున్నానని చెప్పి మొక్కుతాడు. అతడి చూపు కోనేటి దగ్గర మొదలై, నిలదీసిన ప్రతిసారీ లోతైంది. అన్నీ తెలుసనుకున్న విచారణకర్తలకు మాత్రం అడుగడుగునా చీకటి కమ్ముకుంది. సాక్ష్యం చెప్పడం గురించి సువార్తల్లో ఇంతకన్నా మంచి పాఠం లేదు. అతడికి వేదాంతం రాదు, వాదించే నేర్పు లేదు. నిన్నటి వరకు గుడ్డివాణ్ణి, ఇవాళ చూస్తున్నాను అన్న ఒక్క నిజం దగ్గర నిలబడ్డాడు. ఆ నిలబడడంలోనే అతడి వెలుగు పెరిగింది, దానికి వెలను కూడా అతడే చెల్లించాడు.

మత్తయి సువార్తలో ఇదే మాట శిష్యుల వైపు తిరుగుతుంది. కొండమీది ప్రసంగంలో యేసు జాలర్లను, పల్లె జనాన్ని చూసి లోకానికి వెలుగు మీరేనంటాడు. దీపం వెలిగించి కుంచం కింద పెట్టే ఇల్లాలు ఎక్కడా ఉండదని గుర్తుచేస్తాడు. మనుష్యులు మీ మంచి పనులు చూడాలి అని అయిదో అధ్యాయంలో చెప్పినవాడే, దానధర్మాలు మనుష్యులు చూడాలని చేయవద్దని ఆరో అధ్యాయంలో హెచ్చరిస్తాడు. చాలామంది దీన్ని వైరుధ్యంగా చూశారు. తేడా పని ఎవరికి మహిమ తెస్తుందన్న దగ్గర ఉంది. చూసినవారు పరలోకపు తండ్రిని స్తుతిస్తే అది దీపం. చేసినవాణ్ణి పొగిడితే అది బూర ఊదుకోవడం. రెండు హెచ్చరికలూ ఒకే మనిషికి అవసరం. పిరికివాడు మొదటిది వినాలి, పేరు కోరేవాడు రెండోది వినాలి. చాలామందిలో ఇద్దరూ ఉంటారు.

మేల్కొలుపు ఎలా జరుగుతుందో చెప్పడానికి సౌలు కథను మించినది లేదు. అపొస్తలుల కార్యాల గ్రంథం దాన్ని మూడుసార్లు చెప్పింది: 9, 22, 26 అధ్యాయాల్లో. ధర్మశాస్త్రంలో ఆరితేరినవాడు, గమలీయేలు దగ్గర చదువుకున్నవాడు, యేసు శిష్యులను పట్టి బంధించడానికి అధికార పత్రాలతో దమస్కుకు వెళ్తున్నాడు. మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి మించిన వెలుగు అతణ్ణి నేలమీద పడేసింది. ఆ వెలుగు మొదట చేసిన పని చూపు తీసేయడం. ఇతరులకు దారి చూపగలనని నమ్మినవాణ్ణి చెయ్యి పట్టుకుని ఊళ్లోకి నడిపించాల్సి వచ్చింది. మూడు రోజులు తిండీ నీళ్లూ లేకుండా చీకట్లో కూర్చున్నాడు. పైనుంచి వచ్చిన వెలుగు నేరుగా ఆ చీకటిని తొలగించలేదు. అననీయ అనే మామూలు శిష్యుడు తిన్నని వీధిలోని ఇంటికి భయపడుతూ వచ్చి, తమను చంపించడానికి బయలుదేరినవాడి మీద చేతులుంచి సహోదరుడా అని పిలిచాడు. అప్పుడు పొరలు రాలాయి. ఆకాశం నుంచి వచ్చిన కాంతికి సైతం ఒక మనిషి చేయి, ఒక క్షమించిన గొంతు కావలసి వచ్చాయి. వెలుగును పంచడం అంటే ఏమిటో అననీయ ఆ ఇంట్లో చేసి చూపించాడు. అతడి పేరు ఆ తర్వాత పెద్దగా వినిపించదు. పౌలు మాత్రం అగ్రిప్ప రాజు ఎదుట తన పిలుపును చెప్పుకున్నప్పుడు, ఇతరుల కళ్లు తెరిచి వారిని చీకటి నుంచి వెలుగుకు తిప్పడమే తనకు అప్పగించిన పని అన్నాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో దీన్ని సృష్టి కథకే ముడివేశాడు. తొలిరోజు చీకట్లో వెలుగు పలికిన దేవుడే తమ హృదయాల్లో వెలిగాడనీ, ఆ ధనం మట్టికుండల్లాంటి తమలో ఉందనీ రాశాడు. కుండ మట్టిదే అయినా లోపలున్నది దేవునిదన్న ఎరుక ఆయనలో చివరిదాకా ఉంది.

ఎఫెసు సంఘానికి రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో నిద్రపోతున్నవాణ్ణి మేల్కొని లేవమనే మూడు పాదాల పద్యం కనిపిస్తుంది. అది అప్పటికే సంఘాల్లో పాడుతున్న బాప్తిస్మపు పాటలోని ముక్క అని చాలామంది పండితుల అభిప్రాయం. తొలి శతాబ్దాల్లో బాప్తిస్మానికి వెలిగింపు అన్న పేరుండేది. సుమారు 155లో రోమా చక్రవర్తికి క్రైస్తవుల పక్షాన విన్నపం రాసిన జస్టిన్ ఆ పేరు చెప్పి, ఈ సంగతులు నేర్చుకునేవారి మనసు వెలిగింపబడుతుందని వివరించాడు. నాలుగో శతాబ్దంలో యెరూషలేము బిషప్పు సిరిల్ బాప్తిస్మానికి సిద్ధపడేవారికి ఈస్టర్ ముందు దినాల్లో వరుసగా ఉపదేశాలిచ్చాడు. ఆయన పేరిట మిగిలిన ప్రసంగాల్లో ఆచారం స్పష్టంగా ఉంది. అభ్యర్థి ముందు పడమటి దిక్కుకు తిరిగి, చీకటికి గుర్తయిన ఆ వైపు చెయ్యి చాచి సాతానును విడిచిపెట్టేవాడు. తర్వాత తూర్పుకు తిరిగి విశ్వాసం ఒప్పుకునేవాడు. ఒంటితో చేసే ఆ మలుపే మారుమనస్సుకు ఆకారం. 325లో నీకయలో కూడిన సభ క్రీస్తును వెలుగు నుంచి వచ్చిన వెలుగని ఒప్పుకున్నది కూడా ఆ కాలపు ఊపిరిలోనే. కతోలిక, ఆర్థడాక్స్ సంఘాల ఈస్టర్ జాగరణలో ఈనాటికీ గుడి దీపాలన్నీ ఆర్పి, ఒక్క మంట నుంచి కొవ్వొత్తి కొవ్వొత్తికి అంటిస్తారు. చేతిలోనిది తరగదు, ఎదుటివాడిది వెలుగుతుంది. తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లి, తమవారి సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి, పునరుత్థాన గీతాలు పాడటం కూడా ఆ విశ్వాసానికే చెందింది.

అగస్టీన్ మారిన తీరును ఇక్కడ తలచుకోవాలి. 386లో మిలాను నగరంలో, ఇంటి తోటలో, తన పాత అలవాట్లను వదలలేక ఏడుస్తూ కూర్చున్నప్పుడు, తీసుకుని చదవమంటున్న పిల్లల గొంతు లాంటిది ఆయనకు వినిపించింది. రోమీయులకు రాసిన పత్రిక తెరిచి ఒక వాక్యం చదివాడు. వాక్యం ముగిసేసరికి హృదయంలో నిశ్చయమనే వెలుగు నిండి సందేహపు చీకట్లు పోయాయని రాసుకున్నాడు. చాలామంది చెప్పుకునేది అంతవరకే. ఆ వెంటనే జరిగింది అంత ముఖ్యమే. అగస్టీన్ పుస్తకంలో గుర్తు పెట్టి, పక్కనున్న స్నేహితుడు అలీపియస్‌కు సంగతి చెప్పాడు. అలీపియస్ ఆ పుస్తకం తీసుకుని, అగస్టీన్ ఆపిన చోటు నుంచి కొంచెం ముందుకు చదివి, బలహీనుణ్ణి చేర్చుకోవాలన్న మాటను తనకే అన్వయించుకున్నాడు. ఇద్దరూ ఇంట్లోకి వెళ్లి తల్లి మోనికాకు చెప్పారు. మేల్కొలుపుకూ దాన్ని పంచుకోవడానికీ మధ్య గంట కూడా గడవలేదు. 387 ఈస్టర్‌లో అంబ్రోస్ చేతుల మీదుగా ఆ స్నేహితులిద్దరూ ఒకేసారి బాప్తిస్మం పొందారు.

దైవకాంతిని కళ్లతో చూడవచ్చా అన్న వివాదం పద్నాలుగో శతాబ్దపు బైజాంటియమ్‌లో రగిలింది. ఆథోస్ కొండ సన్యాసులు నిరంతర ప్రార్థనలో, యేసు రూపాంతరం పొందినప్పుడు శిష్యులు తాబోరు కొండ మీద చూసిన వెలుగునే చూస్తామన్నారు. బర్లామ్ అనే పండితుడు దాన్ని భ్రమ అని ఎగతాళి చేశాడు. గ్రెగరీ పలమాస్ సన్యాసుల పక్షాన నిలిచి, దేవుని సారం ఎవరికీ అందదనీ, ఆయన శక్తులు మాత్రం సృష్టించబడని కాంతిగా మనిషిని తాకుతాయనీ వాదించాడు. కాన్‌స్టాంటినోపులు సభలు 1341లో, 1351లో పలమాస్ పక్షాన్నే సమర్థించాయి. పాశ్చాత్య దేశాల్లో మాటతీరు వేరు. సొంత మఠవాసులే 1577లో టొలేడోలో నిర్బంధించిన స్పెయిన్ కవి యోహాను, అనగా సిలువ యోహాను, చీకటి రాత్రి గురించి రాశాడు. దేవుని కాంతి మరీ ఎక్కువై ఆత్మ కంటికి చీకటిగా తోచే దశ అది. కలకత్తా మదర్ తెరిసా ఉత్తరాలు 2007లో అచ్చయినప్పుడు, దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఆమె లోపల దేవుని సన్నిధి అనుభవం లేకుండా బతికారని తెలిసి ఎంతోమంది దిగ్భ్రాంతి చెందారు. తన వెలుగుగా పేదల గుడిసెల్లోకి వెళ్లమని క్రీస్తు పిలిచాడని 1946లో నమ్మిన ఆమె, ఆ వెలుగు తనకు కనిపించని ఏళ్లలో కూడా ఆ గుడిసెల్లోకే వెళ్తూ వచ్చారు. మేల్కొలుపును కన్నీళ్లతో, పులకింతతో, కలలతో కొలిచే అలవాటు కూటాల్లో బాగా పెరిగింది. ఆ కొలతకు తెరిసా జీవితం గట్టి జవాబు.

అనుభవం కొలత కాకపోతే మరేది కొలత? ఇంగ్లండులో జార్జి ఫాక్స్ (1624–1691) యోహాను మొదటి అధ్యాయాన్ని ఆధారం చేసుకుని, ప్రతి మనిషిలో క్రీస్తు వెలుగు ఉందని బోధించాడు. ఆయన వెంట నడిచిన క్వేకర్లు గురువు, బల్ల, పాట లేకుండా మౌనంగా కూర్చుని ఆ వెలుగు కోసం కనిపెట్టేవారు. ప్రతివాడూ తనకు తోచిందే దేవుని వెలుగు అనుకునే ప్రమాదం ఇందులో ఉంది. ఆ ప్రమాదం అమెరికాలో బయటపడింది. లోపలి వెలుగును నమ్మిన క్వేకర్లలో చాలామంది బానిసలను కొన్నారు, అమ్మారు. 1688లో జర్మన్‌టౌన్ క్వేకర్లు నలుగురు దీనికి వ్యతిరేకంగా విన్నపం రాసి సంతకాలు చేశారు. పై సభలు దాన్ని పక్కన పెట్టాయి. న్యూజెర్సీ దర్జీ జాన్ వూల్‌మన్ (1720–1772) ఊరూరా తిరిగి, బానిసలున్న క్వేకర్ ఇళ్లలోనే కూర్చుని, కోపం లేకుండా, వదలకుండా ఆ ప్రశ్న అడిగాడు. బానిసల చెమటతో తయారయ్యే సరుకులు ముట్టనని, అద్దకం వేయని బట్టలు కట్టాడు. ఫిలడెల్ఫియా వార్షిక సభ 1776లో గానీ తన సభ్యులు బానిసలను ఉంచుకోకూడదని తీర్మానించలేదు. విన్నపం నుంచి తీర్మానానికి 88 ఏళ్లు పట్టింది. వెలుగును గూర్చి అంతగా మాట్లాడిన సంఘం పక్కన నిలబడ్డ మనిషిని చూడటానికి మూడు తరాలు తీసుకుంది.

వాళ్లు మరిచిన కొలత యోహాను మొదటి పత్రికలో రాసి ఉంది. దేవుడు వెలుగు అని చెప్పిన వెంటనే ఆ పత్రిక, వెలుగులో ఉన్నానంటూ సహోదరుణ్ణి ద్వేషించేవాడు ఇంకా చీకట్లోనే ఉన్నాడనీ, ఎక్కడికి వెళ్తున్నాడో వాడికే తెలియదనీ తీర్పు చెబుతుంది. ఇందులో దర్శనాల ప్రస్తావన లేదు, జ్ఞానం ప్రస్తావన లేదు. పక్కవాడితో మసలే తీరు ఒక్కటే పరీక్ష.

తెలుగు నేలలో ఈ పరీక్ష కులం రూపంలో వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషను శామ్యూల్ డేతో 1840లో నెల్లూరులో మొదలై ఏళ్ల తరబడి ఫలితం చూడలేదు. మూసేయాలన్న మాట కూడా వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని సూర్యోదయ వేళ ప్రార్థించారు. ఆ కొండకు ప్రార్థన కొండ అన్న పేరు నిలిచింది. పన్నెండేళ్ల తర్వాత, 1866లో, జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టారు. అయితే ఆ ప్రాంతంలో వెలుగు ఆయన కన్నా ముందే నడుస్తోంది. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థులు, తోళ్ల వ్యాపారి, ఒక స్త్రీ గురువు దగ్గర యోగ సాధన నేర్చినవారు. దేవుణ్ణి వెతుకుతూ తృప్తి లేక తిరుగుతున్న రోజుల్లో, వ్యాపారం మీద ఏలూరు, పాలకొల్లు వైపు వెళ్లి యేసు గురించి విన్నారు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందారు. ఊరికి తిరిగొచ్చి, సాధన మార్గంలో తనతో నడిచినవారికీ బంధువులకూ చుట్టుపక్కల పల్లెలవారికీ చెప్పారు. 1867 ఆరంభంలో క్లౌ అక్కడికి వెళ్లేసరికి పల్లెలవారు తిండీ బట్టలూ మూటకట్టుకుని చింతతోపులో ఎదురుచూస్తున్నారు. తెల్లదొర అక్కడ కొత్తగా దీపం పెట్టలేదు. పేరయ్య పెట్టినదాన్ని చూసి సంతోషించాడంతే. తెలుగు సంఘ చరిత్ర చెప్పేవారు ఈ వరుసను తరచుగా తారుమారు చేస్తారు.

పరీక్ష ఆ వెంటనే ఎదురైంది. ఒంగోలులో పై కులాల పిల్లలు మిషను బడికి వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని ఆ కుటుంబాలు చెప్పాయి. పట్టణపు పెద్దల ఆదరణ వదులుకోవాలా అని క్లౌ సతమతమయ్యారు. ఆయన, ఆయన భార్య హ్యారియెట్, వేర్వేరు గదుల్లో ప్రార్థించి బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించిందని ఆయన రాసుకున్నారు. లోకంలో నీచులుగా ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగమది. మాదిగలను చేర్చుకున్నారు, పై కులాలవారు పిల్లలను బడి మాన్పించారు. మనుషుల లెక్కలో అది నష్టం. యోహాను పత్రిక లెక్కలో మాత్రం ఆ రోజు ఒంగోలులో వెలుగు నిలిచింది.

వెలుగును పంచడంలో మరో ప్రమాదం ఆశ చూపడం. ధాత కరువుగా తెలుగువారు తలుచుకునే 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చూశారు. తెలుగు బోధకులు పని మధ్య విరామాల్లో జనంతో మాట్లాడేవారు. బాప్తిస్మం అడిగినవారు ఎందరో ఉన్నా, కూడు కోసం వచ్చారన్న అనుమానం రాకూడదని కరువు తీరేదాకా ఇవ్వలేదు. కూలి, సహాయం ఆగిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో తెలుగు బోధకులు వంతులవారీగా 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను గొప్పగా చెప్పేవారు అంతకు ముందున్న నిరాకరణను కూడా చెప్పాలి. ఆ సంఖ్యకు గౌరవం దాని వల్లే వచ్చింది.

దోర్నకల్‌లో ఇదే పని మరో రూపం తీసుకుంది. తమిళ దేశంలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. ఆయన బాప్తిస్మం ఇచ్చేటప్పుడు కొత్త విశ్వాసి చేతిని అతడి తల మీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే అర్థంతో పౌలు మాటను పలికించేవారు. అక్షరం రాని మాల, మాదిగ కూలివాళ్లు కూడా ఆ రోజు నుంచే సాక్షులు. ముందు చదువు, తర్వాత పదవి, ఆ తర్వాతే సేవ అనే క్రమాన్ని ఆయన ఒప్పుకోలేదు. 1930ల నాటికి దోర్నకల్ ప్రాంతంలో శూద్ర కులాలవారు కూడా సంఘంలోకి వచ్చారు. తమ పొలాల్లో పనిచేసే మాల, మాదిగ క్రైస్తవుల బతుకు మారడం చూసి వచ్చామని వారిలో చాలామంది చెప్పారు. మంచి పనులు చూసి తండ్రిని స్తుతిస్తారన్న కొండమీది మాట అక్కడ అక్షరాలా నిజమైంది. స్థానిక పనివాళ్లు కట్టిన దోర్నకల్ మహాదేవాలయం 1939 జనవరి 6న, క్రీస్తు అన్యజనాలకు వెలుగుగా ప్రత్యక్షమైన ఎపిఫనీ పండుగ నాడు, ఆ పండుగ పేరుతోనే ప్రతిష్ఠ జరుపుకుంది.

ఆ కాలంలోనే గాంధీ ఈ సామూహిక మతమార్పిడులను గట్టిగా ప్రశ్నించారు. మంచి జీవితం తనంతట తానే పరిమళిస్తుందనీ, నోటి బోధ అక్కర్లేదనీ ఆయన వాదన. ప్రలోభం విషయంలో ఆయన హెచ్చరిక న్యాయమైనది, సంఘం దాన్ని ఎప్పుడూ వినాలి. కానీ మౌనం ఒక్కటే చాలన్న మాట సిలోయము దగ్గర చూపు పొందినవాడి కథకు సరిపడదు. అడిగినవారికి అతడు జవాబు చెప్పాడు. పేతురు పత్రిక కూడా నిరీక్షణకు కారణం అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పమంటుంది, సాత్వికంతోనూ గౌరవంతోనూ చెప్పమంటుంది. అజరయ్య జవాబు కూడా ఆ దారిదే. ఊరి చివర ఎవరూ మనిషిగా చూడని జనం తమంతట తాము వెలుగు కోరి వచ్చినప్పుడు, వారికి నిర్ణయించుకునే శక్తి లేదనడమే వారికి అవమానం.

ఇంత చరిత్ర ఉన్న తెలుగు సంఘంలో కులం చావలేదు. మాల, మాదిగ విభేదాలను అజరయ్య తన రోజుల్లోనే చూసి బాధపడ్డారు. ఎన్నో పల్లెల్లో ఈనాటికీ రెండు పేటలకు రెండు ఆరాధనలు సాగుతున్నాయి, ఒకే ప్రభు బల్ల దగ్గర మోకరించినవారు పెళ్లి సంబంధం వచ్చేసరికి కులం అడుగుతున్నారు. తెలుగువారిలో ఒకరు, దళితుల్లో ఒకరు కతోలిక సంఘంలో కార్డినల్ కావడానికి 2022 ఆగస్టు దాకా పట్టింది. ఆ ఇద్దరూ ఒక్కరే: హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ. దర్శనాలు చెప్పుకునే కూటాలకూ, పెద్ద పెద్ద స్పీకర్లతో సువార్త చాటే సభలకూ ఈ నేలలో కొదవ లేదు. పేటకూ పేటకూ మధ్య గోడ నిలిచి ఉన్నంతకాలం, యోహాను పత్రిక ప్రకారం, ఆ గోడకు రెండు వైపులా ఉన్నది చీకటే. దాన్ని కూల్చే పని పాస్టర్లది మాత్రమే కాదు, బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరిదీ.